పాటలో ఘంటసాల లేడు

మా పెదనాన్నగారికి ఎనభై దాటాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక వాలుకుర్చీలో కూర్చుని, ఫోన్‌కి తీగ ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని పాటలు వింటారు. ఆమధ్య ఒకరోజు నన్ను పిలిచి, "ఒరేయ్, పాటలో ఘంటసాల లేడురా" అన్నారు. పాత పాట పెడితే అసలేమీ వినబడటం లేదట. కొత్త పాట పెడితే వాయిద్యాలు బాగానే వస్తున్నాయి, పాడేవాడు మాత్రం నూతిలోంచి పాడుతున్నట్టున్నాడట. కొత్త పాట అంటే ఆయన లెక్కలో 1989 నాటి 'గీతాంజలి'. ఫోన్ పోయిందని ఒకరు, యాప్ మార్చమని ఇంకొకరు ఆయనకు సలహా ఇచ్చారు.

ఫోన్ బాగానే ఉంది. యాప్ కూడా బాగానే ఉంది. తెగింది ఒకే ఒక్క తీగ. అది ఏ తీగో ఆయన చెప్పిన మాటల్లోనే ఉంది. హెడ్‌ఫోన్స్‌తో వచ్చే చిక్కుల్లో చాలావాటి సంగతి ఇంతే. లోపం ఎక్కడుందో ఆ వినబడే తీరే చెబుతుంది. అయితే ఆ మాట అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతోందో కాస్త తెలియాలి.

హెడ్‌ఫోన్ అంటే చెవి పక్కన పెట్టుకునే చిన్న స్పీకరు. అందులో ఒక అయస్కాంతం ఉంటుంది. దాని సందులో సన్నని రాగి తీగతో చుట్టిన కాయిల్ (తీగచుట్ట) ఉంటుంది. ఆ చుట్టకు డయాఫ్రం (కంపించే పల్చటి పొర) అంటించి ఉంటుంది. పాట విద్యుత్ రూపంలో చుట్టలోకి వస్తుంది. కరెంటు ఒక దిశలో పారితే చుట్ట ముందుకు జరుగుతుంది, ఎదురు దిశలో పారితే వెనక్కి జరుగుతుంది. పొర దానితోపాటే కదిలి గాలిని తోస్తుంది. ఆ గాలి కదలికే మనకు పాట. ఈ యంత్రం తిరగేసినా పనిచేస్తుంది. పొర ముందు మాట్లాడితే చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. మైకు దొరకనప్పుడు హెడ్‌ఫోన్‌నే టేప్‌రికార్డర్ మైకు రంధ్రంలో గుచ్చి, అందులో మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు. నాణ్యత అంతంతమాత్రమే అయినా మాట అర్థమవుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జర్మనీలో బేయర్ సంస్థ 1937లోనే ఇలాంటి హెడ్‌ఫోన్ తయారు చేసింది. 1958లో అమెరికాలోని మిల్వాకీలో జాన్ కాస్ దాన్ని స్టీరియో పాటలు వినడానికి అనువుగా మలిచాడు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చి హెడ్‌ఫోన్‌ను ఇంట్లోంచి వీధిలోకి తెచ్చింది. 2016లో ఐఫోన్ 7 నుంచి యాపిల్ సంస్థ పిన్ను గుచ్చే రంధ్రాన్ని తీసేసింది. తర్వాత మిగతా కంపెనీలూ చాలావరకు అదే దారి పట్టాయి. తీగ పోయింది, బ్యాటరీ వచ్చింది. అయస్కాంతం, చుట్ట, పొర మాత్రం ఈనాటికీ చాలా హెడ్‌ఫోన్లలో అవే.

ఇక పెదనాన్నగారి తీగ సంగతి. ఇయర్‌ఫోన్ తీగ పైకి ఒకటిగా కనిపించినా లోపల మూడు దారులుంటాయి. ఎడమ చెవికి ఒకటి. కుడి చెవికి ఒకటి. రెండు చెవుల నుంచీ కరెంటు వెనక్కి వెళ్లే ఉమ్మడి దారి ఒకటి. ఈ ఉమ్మడి దారినే గ్రౌండ్ అంటారు. మైకు కూడా ఉంటే నాలుగో దారి ఉంటుంది. పిన్నును దగ్గరగా చూడండి. మైకు ఉన్నదానికి మూడు గీతలుంటాయి. అవి పిన్నును నాలుగు ముక్కలు చేస్తాయి. కొన ఎడమ చెవిది. దాని తర్వాతది కుడి చెవిది. ఇప్పటి ఫోన్లలో మూడోది గ్రౌండ్, అన్నిటికన్నా వెనకది మైకు.

గ్రౌండ్ తెగిందనుకోండి. ఎడమవైపు నుంచి బయల్దేరిన కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేదు. మిగిలింది ఒకటే మార్గం. ఎడమ స్పీకరులోంచి వెళ్లి, కుడి స్పీకరులోంచి బయటపడాలి. కానీ అటునుంచి కుడివైపు పాట కూడా తోసుకొస్తోంది. ఒకే తలుపును ఇద్దరు చెరోవైపు నిలబడి సమానంగా తోస్తే తలుపు కదలదు. ఇక్కడా అంతే. ఎడమ, కుడి సమానంగా ఉన్నంత మేరకు ఏమీ పారదు. రెంటికీ ఎంత తేడా ఉంటే అంతే పారుతుంది, అదే వినబడుతుంది.

స్టీరియో పాటలో గాయకుడి గొంతును మామూలుగా నట్టనడుమ ఉంచుతారు. నడుమ అంటే రెండు చెవులకూ సమానంగా అని అర్థం. కాబట్టి గొంతు రద్దయిపోతుంది. ఒక పక్కకు ఉంచిన వయొలిన్లు, మరో పక్కకు ఉంచిన గిటారు మిగులుతాయి. గొంతుకు జతచేసిన ప్రతిధ్వని రెండువైపులా కొద్దికొద్ది తేడాతో ఉంటుంది గనుక అదీ కాస్త మిగులుతుంది. నూతిలోంచి పాడినట్టు అనిపించింది ఆ ప్రతిధ్వనే. మరి ఘంటసాల? 1950లలో, 60లలో ఆయన పాడిన సినిమా పాటలు మోనో (రెండు చెవులకూ అచ్చంగా ఒకే ధ్వని). తేడా సున్నా. అందుకని పాట మొత్తం సున్నా. పెదనాన్నగారు తెలియకుండానే ఒక మెకానిక్ చెప్పగలిగినంత కచ్చితంగా రోగం పేరు చెప్పేశారు.

పిన్ను సగమే దిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అందుకని తీగ మీద అనుమానపడే ముందు పిన్నును గట్టిగా లోపలికి నొక్కి చూడాలి. దిగకపోతే ఫోన్ రంధ్రంలోకి టార్చి వేయండి. జేబులోని దూదీ దుమ్మూ నెలల తరబడి అడుగున చేరి గట్టిపడి ఉంటుంది. ఫోన్ ఆపేసి, పలుచటి చెక్క పుల్లతో మెల్లగా లాగితే వస్తుంది. గుండుసూది మాత్రం పెట్టకండి. లోపలి స్ప్రింగు రేకు వంగితే ఉన్న చిక్కు పెద్దదవుతుంది. ఇంకో ముచ్చట. బాగా పాత ఇయర్‌ఫోన్లు కొన్నిటిలో గ్రౌండ్, మైకు స్థానాలు తారుమారుగా ఉంటాయి. వాటిని ఇప్పటి ఫోన్‌కి పెడితే గొంతు మాయమవుతుంది, మధ్యలోని బటన్ నొక్కి పట్టుకుంటే తిరిగొస్తుంది. బటన్ నొక్కితే మైకు దారి, గ్రౌండ్ దారి కలుస్తాయి కనుక అలా జరుగుతుంది. అక్కడ తెగిందేమీ లేదు, పిన్నుకూ ఫోన్‌కూ పొత్తు కుదరలేదంతే.

ఇక హెడ్‌ఫోన్ కొనడానికి వెళ్లినప్పుడు అందరూ అడిగేది "ఏ కంపెనీ మంచిది?" అని. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది ఎక్కడ కూర్చుని వింటారన్నది. ఎందుకో చెబుతాను, అంతకన్నా ముందు అమరిక సంగతి.

బొంగురు స్వరాలు, అంటే తబలాలో డగ్గా, బేస్ గిటారు లాంటివి, చెవికీ హెడ్‌ఫోన్‌కీ మధ్య గాలి బయటికి పోని చోటే బలంగా వినబడతాయి. సందు ఉంటే పొర తోసిన గాలి పక్కనుంచి జారిపోతుంది. డగ్గా పోయి గలగల మాత్రం మిగులుతుంది. కొన్న రెండో రోజే "దీంట్లో బేస్ లేదు" అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి హెడ్‌ఫోన్ లోపం కాదు, అమరిక లోపం. చెవి లోపల పెట్టుకునే వాటికి డబ్బాలో మూడు సైజుల రబ్బరు టోపీలు ఇస్తారు. మధ్య సైజు తగిలించి వస్తుంది, చాలామంది దాన్ని ఎన్నడూ మార్చరు. మార్చి చూడండి. మనిషి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒక చెవికి చిన్నది, మరో చెవికి మధ్యది సరిపోవచ్చు. చెవి మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్లలో ఈ సందు కళ్లజోడు కాడల దగ్గర పడుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు మెత్తటి దిండ్లున్నవి తీసుకోవాలి, కొనేముందు కళ్లజోడుతోనే పెట్టుకుని చూడాలి.

ఆ దిండ్ల గురించి ఒక మాట. వాటి తొడుగు మామూలుగా తోలు కాదు, తోలులా కనిపించే ప్లాస్టిక్ పూత. మన ఎండకూ చెమటకూ అది ఏడాదీ రెండేళ్లలో పొలుసులుగా రాలుతుంది. దిండు చిరిగితే గాలి జారిపోతుంది, డగ్గా మళ్లీ మాయం. విడి దిండ్లు దొరికే మోడల్ అయితే హెడ్‌ఫోన్ ఇంకో నాలుగేళ్లు బతుకుతుంది. కొనేటప్పుడు ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేనింకా చూడలేదు.

వెనకవైపు మూసి ఉన్నవి, తెరిచి ఉన్నవి అని మరో తేడా ఉంది. తెరిచి ఉన్నవాటిని 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో ప్రపంచం బాగా గుర్తించింది. అందులో పాట తలలో ఇరుక్కున్నట్టు కాక గదిలో పరుచుకున్నట్టు ఉంటుంది. కానీ మీ పాట పక్కవాళ్లకూ, వాళ్ల మాట మీకూ వినబడుతుంది. ఒంటరి గదికి అది భేష్. బస్సులో దండగ. రికార్డింగ్ థియేటర్లో గాయకులు మూసి ఉన్నవే పెట్టుకుంటారు, లేకపోతే హెడ్‌ఫోన్‌లోని తాళం మైకులోకి దూరుతుంది.

బస్సు అన్నాను కదా, అసలు విషయం అక్కడే ఉంది. చుట్టూ రొద ఉన్నప్పుడు మనకు తెలియకుండానే పాటను రొద కన్నా పైకి పెంచుతాం. బయటి శబ్దాన్ని ఆపలేని హెడ్‌ఫోన్ చెవిని ఇలా దెబ్బతీస్తుంది. ధర తక్కువ కావడం వల్ల కాదు, సందు ఉండటం వల్ల. చెవి లోపల నత్తగుల్లలా ఉండే భాగంలో ధ్వనిని పట్టే సన్నని వెంట్రుకల కణాలు వేల సంఖ్యలో ఉంటాయి. చనిపోయినవి మనిషిలో మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ (ధ్వని తీవ్రత కొలత). పిల్లలకు అదే 40 గంటలకు 75. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. డెసిబెల్స్ మెట్లు సమానం కావు. 3 పెరిగితే చెవిలోకి వెళ్లే శక్తి రెట్టింపవుతుంది, భద్రమైన సమయం సగానికి పడిపోతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. బస్సులో రోజుకు రెండు గంటలు ప్రయాణించే మనిషి వాల్యూమ్ ఇంకో రెండు మెట్లు పెంచితే వారం కోటా మధ్యలోనే అయిపోవచ్చు. చాలా ఫోన్లు ఈ లెక్కను ఇప్పుడు సెట్టింగ్స్‌లో చూపిస్తున్నాయి. విన్నాక చెవిలో గుయ్యిమంటే హద్దు దాటినట్టే.

అందుకే రొద రద్దు చేసే హెడ్‌ఫోన్లు వచ్చాయి. పని తీరు ఇది. బయట ఉన్న చిన్న మైకు రొదను పడుతుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారు చేస్తుంది. రొద గాలిని ముందుకు తోసే క్షణాన ఇది వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి చదునవుతాయి. పెదనాన్నగారి ఇయర్‌ఫోన్‌లో పొరపాటున జరిగిందే ఇక్కడ కావాలని చేస్తారన్నమాట. ఈ ఊహకు 1930లలోనే పేటెంటు ఉంది. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య పోరాటకారుడి కొడుకు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో రొద భరించలేక, ఆ ప్రయాణంలోనే దీనికి లెక్కలు వేసుకున్నాడు. పైలట్ల కోసం తయారైన హెడ్‌సెట్ 1989లో బయటికొచ్చింది. పదకొండేళ్లు పట్టింది.

దీని పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఏసీ హోరు, విమానం ఇంజను, రైలు దడదడ లాంటి ఎడతెగని బొంగురు శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. మరుక్షణం ఎలా ఉంటాయో ఊహించగలం కనుక. హారన్, పసిపిల్లల ఏడుపు, పక్కసీటు ఫోన్ సంభాషణ అలా దొరకవు. వాటిని ఆపేది మళ్లీ ఆ రబ్బరు టోపీయే. బండి మీద వెళ్లేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు ఈ సదుపాయం మనకు అపకారమే చేస్తుంది. అక్కడ చెవికి బయటి రొదే అవసరం.

డబ్బా మీది అంకెల గురించి త్వరగా చెప్పేస్తాను. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అది మనిషి చెవి హద్దు. చాలామంది అదే రాస్తారు, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. స్పీకరు ఎన్ని మిల్లీమీటర్లన్నదీ నాణ్యతకు కొలత కాదు. ఒకే ఒక్క అంకె చూడదగ్గది: ఓమ్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం). 16, 32 ఉన్నవి ఫోన్‌తో హాయిగా మోగుతాయి. 250, 300 ఉన్నవి స్టూడియో పరికరాల కోసం చేసినవి. వాటిని ఫోన్‌కి పెడితే పాట నీరసంగా వస్తుంది.

టైప్-సి పోర్టు మాత్రమే ఉన్న ఫోన్‌కి తీగ ఇయర్‌ఫోన్ పెట్టాలంటే చిన్న కన్వర్టర్ కావాలి. అందులో రెండు రకాలు. ఒకటి ఉత్త తీగ. రెండోదాని లోపల డాక్ (అంకెల రూపంలోని పాటను విద్యుత్ తరంగంగా మార్చే చిప్) ఉంటుంది. చాలా ఫోన్లు ఆ పోర్టులోంచి అంకెలే పంపుతాయి. అందుకని మీ మిత్రుడి ఫోన్‌లో పాడిన కన్వర్టర్ మీ దాంట్లో మూగబోవచ్చు. డాక్ ఉన్నది కావాలని అడిగి తీసుకోండి.

బ్లూటూత్ దగ్గర ఎక్కువమందిని తికమక పెట్టేది ఒకటుంది. పాట వింటున్నంతసేపూ ధ్వని బ్రహ్మాండంగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌లో చేరగానే పాతకాలపు ల్యాండ్‌లైన్‌లా మారిపోతుంది. ఏదీ పాడవలేదు. బ్లూటూత్‌కు రెండు పద్ధతులున్నాయి. పాటకు ఒకవైపు రవాణా, దారంతా పాటదే. మైకు వాడగానే రెండువైపులా రవాణా మొదలవుతుంది. ఉన్న సన్నని దారినే పంచుకోవాలి కనుక ధ్వనిని కుదిస్తారు. మందు సులువే: మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌ఫోన్ వినడానికే మిగిలితే ధ్వని చాలావరకు తిరిగి వస్తుంది.

ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. డాలస్‌లో పాప, విజయవాడలో గురువుగారు. పాప పాడుతుంటే శ్రుతిపెట్టె వినబడదు, "శ్రుతి వేసుకోలేదేమ్మా?" అని గురువుగారు అడుగుతారు. వేసే ఉంటుంది. మీటింగ్ సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఎడతెగకుండా ఒకే తీరున మోగే ధ్వని ఫ్యాను హోరుతో సమానం, కనుక దాన్ని తుడిచేస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఏర్పాటు ఉంది, అది పెడితే తంబురా బతుకుతుంది. పైగా బ్లూటూత్‌లో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది. సినిమా యాప్‌లు బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సరిపెడతాయి. కీబోర్డు వాయించే వేలిని ఏ యాప్ ఆలస్యం చేయగలదు? సంగీతానికి తీగ ఉన్నదే మేలు.

పాట తెగితెగి వస్తోందా? ఫోన్ ఏ జేబులో ఉందో చూడండి. బ్లూటూత్ తరంగాలను మన ఒంట్లోని నీరు బాగానే మింగుతుంది. వెనక ఎడమ జేబులో ఫోన్, తరంగాలను అందుకునే బడ్ (తీగ లేని ఇయర్‌ఫోన్) కుడి చెవిలో అయితే మధ్యలో మనిషంతా అడ్డం. ఫోన్‌లో 'కనెక్టెడ్' అని ఉండి ధ్వని రాకపోతే పక్క గదిలోని ల్యాప్‌టాప్‌నో టీవీనో అనుమానించండి, బడ్స్ వాటికి కూడా అతుక్కుని ఉంటాయి. ఒక బడ్ ఛార్జి కాకపోతే ఛార్జింగ్ డబ్బాలోని ఇత్తడి రంగు చుక్కలను పొడి గుడ్డతో తుడవండి. చెమట ఉప్పు పొరలా పేరుకుంటుంది. తడిని తట్టుకుంటుందని రాసిన ఐపీఎక్స్4 గుర్తుకు అర్థం చిందిన నీళ్లను ఓర్చుకుంటుందని మాత్రమే. ఆ గుర్తు సాధారణంగా బడ్స్‌కే, డబ్బాకు వర్తించదు.

ఒక చెవిలో ధ్వని తగ్గిందనే ఫిర్యాదు కూడా తరచుగా వినబడుతుంది. ముందు ఫోన్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడాలి. తర్వాత బడ్ కొనన ఉన్న జాలీ. అందులో గులిమి చేరితే ధ్వని సగం అవుతుంది. జాలీని కిందికి ఉంచి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి. పైకి ఉంచి దులిపితే మురికి లోపలికే పోతుంది. అప్పటికీ తేలకపోతే ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టుకుని చూడండి. తగ్గుదల బడ్‌తోపాటు పక్క మారిందంటే లోపం బడ్‌ది.

తీగ లేని బడ్స్‌లో పెద్ద చిక్కు బ్యాటరీ. చిక్కుడు గింజంత ఉంటుంది, రెండు మూడేళ్లలో నీరసపడుతుంది, అతికించి మూసేస్తారు గనుక మార్చడం కష్టం. తీగ ఇయర్‌ఫోన్‌కు అలాంటి గడువు లేదు. అది చచ్చేది ఎక్కువగా పిన్ను మెడ దగ్గర, రోజూ వంగీ వంగీ. పెదనాన్నగారిదీ అక్కడే. కోఠి గుజరాతీ గల్లీలో ఒక విడి పిన్ను కొన్నాను. పాత పిన్ను కోసేస్తే లోపల రంగురంగుల సన్నని తీగలు కనిపించాయి. ఎరుపు సాధారణంగా కుడి చెవిది, ఆకుపచ్చో నీలమో ఎడమది, రాగి రంగులో మెరిసేది గ్రౌండ్. ఆ రంగు నిజానికి కరెంటు పారనివ్వని లక్క పూత. దాన్ని వేడితో కాల్చి తీయకపోతే టంకం అంటదు. ఇంట్లో ప్రయత్నించి "సోల్డర్ పట్టట్లేదు" అని వదిలేసేవాళ్లు ఈ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోతారు. రెండుసార్లు వేలు కాల్చుకున్నాక నాకూ తెలిసింది.

పరీక్షకు మోనో పాట కన్నా మంచిది లేదు. గ్రౌండ్ సరిగా కలిస్తే మొదటి క్షణమే తెలుస్తుంది, రెండువైపులా సమానంగా ఉంటే గొంతు తల నడుమ నిలబడుతుంది. ఘంటసాల పాట పెట్టి ఆయన చేతికిచ్చాను. కళ్లు మూసుకుని చరణం దాకా విన్నారు.

"వచ్చాడురా. కానీ ఎడమ పక్క కొంచెం తగ్గింది, నీ అతుకు సరిగా లేదు" అన్నారు.

అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టుకోమన్నాను. మార్చుకున్నారు. మళ్లీ విన్నారు.

"ఇప్పుడూ ఎడమ పక్కే తగ్గిందిరా."

మర్నాడు ఇద్దరం చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. గులిమి తీయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.